మరిగితే ఏదీ బతకదన్నాను

మీలో ఎవరైనా కొత్తగా ఆహార తనిఖీ ఉద్యోగంలో చేరి ఉంటే ముందుగా ఒక మాట. హోటల్ పనివాళ్ళకి పాఠం చెప్పి ముగించాక చప్పట్లు మరీ గట్టిగా మోగాయనుకోండి, కొంచెం భయపడండి. నా ఉద్యోగం మొత్తంలో అంత గట్టిగా చప్పట్లు మోగింది ఒక్కసారే. ఆ తరవాత మూడు నెలలకి ఏం జరిగిందో మీకు చెప్పాలి.

అప్పుడు నా పోస్టింగు శ్రీకాకుళంలో. రిటైరవడానికి ఇంకా రెండేళ్ళుంది. హోటళ్ళలో వండేవాళ్ళకి, వడ్డించేవాళ్ళకి, గిన్నెలు తోమేవాళ్ళకి శుభ్రత గురించి తరగతులు పెట్టమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఒక కల్యాణ మండపం మేడమీద నలభై మందిని కూర్చోబెట్టాం. వాళ్ళకోసం పంపిన బొమ్మల పాఠం సగం ఇంగ్లీషులో ఉంది. దాన్ని పక్కన పెట్టి నేను మామూలుగా మాట్లాడాను. మాది వంశధార పక్కన వరి పండించే ఇల్లు. వాళ్ళ మాటే నా మాట. ఆ సంగతి మీద నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

"సెయ్యి తెగినోళ్ళు ఏటి సెయ్యాలి?" అని అడిగాను.

రెండో వరసలోంచి ఒకావిడ లేచింది. యాభై ఏళ్ళుంటాయి. సన్నటి మనిషి, నుదుట పెద్ద బొట్టు.

"వంటింట్లోకి రాకూడదమ్మా. తప్పదంటే గాయానికి నీళ్ళు దిగని పట్టీ ఏసుకుని, పైన గ్లవుసు తొడుక్కోవాలి."

"వండిన కూర ఎంతసేపు బయట ఉంచొచ్చు?"

"రెండు గంటలు. ఎండాకాలం అంతకూడా వొద్దు."

ఏది అడిగినా ఆవిడే చెప్పింది. అరసవల్లి వెళ్ళే దారిలో ఒక హోటల్లో వంటశాల అంతా ఆవిడ చేతి మీదే నడిచేది. అక్కడ చిన్నా పెద్దా అందరూ ఆవిడను "అప్ప" అనేవారు, అక్క అన్నట్టుగా. పరీక్షలో నూటికి నూరు. సర్టిఫికెట్ నా చేత్తోనే ఇచ్చాను.

చివర్లో ఒక సర్వరు లేచి, "ఇన్ని గుర్తెట్టుకోలేం మేడమ్, ఏదైనా ఒక్కటి సెప్పండి" అన్నాడు.

"ఒక్కటే అయితే ఇది గుర్తెట్టుకోండి. ఏదైనా గలగలా మరగనివ్వండి. మరిగితే ఏదీ బతకదు" అన్నాను.

హాలు దద్దరిల్లేలా చప్పట్లు కొట్టారు. వెనక వరసలో గిన్నెలు తోమే ముసలాయన ఒకడు చెయ్యెత్తాడు. "అయితే అమ్మా, తేలు పడిన పాలు మరగబెట్టి తాగొచ్చేటి?"

అందరూ గొల్లుమన్నారు. నేనూ నవ్వాను. "తేలు పడకుండా మూతెట్టు తాతా!" అన్నాను. మళ్ళీ చప్పట్లు. టీలు వచ్చాయి. తరగతి అయిపోయింది.

మూడు నెలలు గడిచాయి. అది వేసవి ఆదివారం. అరసవల్లిలో ఆదివారం అంటే మీకు తెలుసు. తెల్లారకముందే సూర్యదేవుడి దర్శనానికి జనం, వాళ్ళ వెనక ఆటోలు, ఆటోల వెనక టిఫిన్లు. నేను ఇంట్లో ఆవకాయకి ముక్కలు తుడుస్తున్నాను. పది కావస్తుండగా టౌన్లోని ఒక ఆసుపత్రి నుంచి డ్యూటీ డాక్టరు ఫోన్ చేసింది. ఇంతకు ముందు ఒకటి రెండు కేసుల్లో పరిచయమున్న అమ్మాయి.

"మేడమ్, గంట నుంచి వాంతులతో పదకొండు మంది వచ్చారు. ఇద్దరు ఆటోవాళ్ళు, మిగిలినవాళ్ళంతా యాత్రికులు. అందరూ ఒకే హోటల్లో పూరీ తిన్నామంటున్నారు." హోటలు పేరు కూడా చెప్పింది. అప్ప వండే హోటలే.

"ఎన్నింటికి తిన్నారు?"

"ఏడు, ఏడున్నర."

"జ్వరం ఉందా?"

"ఎవరికీ లేదు."

నేను తుడుస్తున్న ముక్క అలాగే పట్టుకుని కూర్చున్నాను. కడుపులోకి వెళ్ళిన సూక్ష్మజీవి పెరిగి మనిషిని పడగొట్టాలంటే సాధారణంగా పూట పడుతుంది. రెండు గంటల్లో, జ్వరం లేకుండా, ఇంతమందికి ఒకేసారి వాంతులంటే తిండిలో ముందే తయారై ఉన్న విషం అయి ఉండాలి. అప్పటికి అది అనుమానమే. కానీ బలమైన అనుమానం.

మా అటెండరుకి ఫోన్ చేశాను. నాకంటే ఎక్కువ వంటశాలలు చూసిన మనిషి, నోరు కొంచెం దురుసు. పావుగంటలో నమూనాల పెట్టెతో బండి మీద వచ్చాడు.

"ఆదివారం పూట ఏటమ్మా మనకీ కర్మ" అన్నాడు. నా మొహం చూసి బండి స్టార్టు చేశాడు.

దారిలో ఆసుపత్రి దగ్గర అయిదు నిమిషాలు ఆగాం. మంచాలు చాలక వరండాలో బల్లల మీద పడుకోబెట్టారు. అందరిలోకీ ఒక ముసలమ్మ పరిస్థితి బాగోలేదు. నెల్లిమర్ల నుంచి వచ్చారు. జూట్ మిల్లులో పనిచేసే కొడుకు సెలైన్ గొట్టం పట్టుకుని నిలబడ్డాడు.

"మాయమ్మ ఇడ్లీ తింటానంది మేడమ్. ఎప్పుడూ ఇడ్లీయేనా, పూరీ తినవే అని నానే బలవంతం సేసేను" అన్నాడు.

డాక్టరు నన్ను పక్కకి పిలిచింది. "ఈవిడకి బీపీ అందడం లేదు. చెప్పలేను" అంది.

హోటలుకి చేరేసరికి పదిన్నర. బయట బల్లల మీద ఇంకా జనం తింటున్నారు. లోపలికి వెళ్తే, మీరు నమ్మండి, అంత శుభ్రమైన వంటశాల ఆ దారిలో మరొకటి లేదు. నేల కడిగి ఉంది. అందరి తలలకీ టోపీలున్నాయి. తరగతిలో నేను ఇచ్చిన శుభ్రత పట్టిక గోడకి అంటించి ఉంది. దేవుడి పటాల పక్కన అప్ప సర్టిఫికెట్ ఫ్రేము కట్టి వేలాడుతోంది.

యజమాని వెనకాలే వచ్చాడు. "మేడమ్, మా దగ్గర అన్నీ తమరు సెప్పినట్టే జరుగుతాయి. నూనె ఏదైనా తేడా సేసుంటాది" అన్నాడు.

పూరీ కూర అయిపోయింది. తపేలా కూడా తోమి బోర్లించేశారు. అప్ప పొయ్యి దగ్గర సాంబారు కలుపుతోంది. ఎడమ చేత్తో. కుడి చెయ్యి కొంగు కింద ఉంది.

"పూరీ కూరకి దుంపలు ఎప్పుడు ఉడకబెట్టారు?" అన్నాను.

"నిన్న సాయంత్రం."

"ఫ్రిజ్జులో పెట్టారా?"

"అన్ని దుంపలు ఏ ఫ్రిజ్జులో పడతాయమ్మా? తొక్కలు తీసి బేసిన్లో ఏసి బట్ట కప్పేం."

"తొక్కలు తీసింది ఎవరు?"

ఆవిడ గరిటె ఆపింది. "నానే."

"కుడి చెయ్యి చూపించు."

ఆవిడ యజమాని వైపు చూసింది. ఆయన తల తిప్పుకున్నాడు. అప్పుడు కొంగు కిందనుంచి చెయ్యి బయటికి తీసింది. చూపుడు వేలికి పసుపు మెత్తి గుడ్డ చుట్టి ఉంది. గుడ్డ విప్పించాను. కత్తిపీటకి తెగిన గాటు. వేలు ఉబ్బి, గాటు అంచున చీము పట్టింది.

"ఎప్పుడు తెగింది?"

"శుక్రారం. గ్లవుసు తొడిగేనమ్మా. దుంపలు ఏడిగా ఉన్నాయి. గ్లవుసు సాగిపోయి సిరిగిపోనాది. ఇంకోటి తొడిగితే అదీ సిరిగిపోనాది. ఇంక తీసేసేను."

"గాయముంటే రాకూడదని ఆవేళ నువ్వే కదా చెప్పావు!" నా గొంతు లేచింది. వంటశాలలో అందరూ పని ఆపి చూస్తున్నారు.

"సెప్పేను" అంది నెమ్మదిగా. "కానీ కూర బాగా మరగబెట్టేనమ్మా. ఒకసారి కాదు, రెండుసార్లు. గలగలా. మరిగితే ఏటీ బతకదని తమరే సెప్పేరు గదా."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే నాకు తేలికయ్యేది. తను చేసింది సరైనదేనని నేను తలూపుతానేమోనని నా మొహంలోకి చూస్తోంది.

చీములో ఉండే సూక్ష్మజీవి ఒకటుంది. ఉడికిన దుంపలాంటి మెత్తటి తిండి దొరికి, వెచ్చగా ఒక రాత్రి గడిస్తే లెక్కలేనంతగా పెరుగుతుంది. పెరుగుతూ విషం వదులుతుంది. కూర మరిగిస్తే ఆ జీవి చస్తుంది. విషం చావదు. అది అలాగే ఉంటుంది. వాసన ఉండదు, రుచి మారదు. ఈ ముక్క నాకు కాలేజీ రోజుల నుంచీ తెలుసు. ముసలాయన తేలు సంగతి అడిగింది దీని గురించే. ఆయన చదువుకోకుండానే అడిగిన ప్రశ్నకి, చదువుకున్న నేను నవ్వించే జవాబు చెప్పాను.

ఈలోపు మా అటెండరు మూల బోర్లించిన పెద్ద బేసిను వైపు చూశాడు. నలుగురు పట్టుకుంటే గాని లేవదు.

"అప్పా, ఇన్ని దుంపలూ పూరీ కూరకే పోనాయేటి?" అన్నాడు.

ఆవిడ బేసిను వైపు తిరిగింది. "ఓలమ్మో!" అంది. "కుర్మా..."

సగం దుంపలతో పొద్దున్నే కుర్మా చేశారు. కళింగపట్నంలో ఒక ఇంట సీమంతం. నూట యాభై మందికి భోజనాల ఆర్డరు. కొబ్బరన్నం, పప్పు, బూరెలతో పాటు ఆ కుర్మా కూడా ట్రాలీ ఆటోలో పది గంటలకే బయలుదేరింది. పన్నెండింటికి విస్తర్లు వేస్తారు.

గోడ గడియారం చూశాను. పదకొండుకి పది నిమిషాలు.

"ఆ ఇంటివాళ్ళ నెంబరు ఇవ్వండి" అన్నాను యజమానితో.

"మేడమ్, ఎవరికో నాలుగు వాంతులైతే మా పేరు తీసేస్తారా? శుభకార్యం..."

"ఆసుపత్రిలో పదకొండు మంది ఉన్నారు. ఒకావిడ బతుకుతుందో లేదో తెలీదు. నెంబరు!"

ఇచ్చాడు. ఫోను మోగి మోగి ఆగిపోయింది. సన్నాయి మోగే ఇంట్లో ఫోను ఎవరికి వినిపిస్తుంది? ట్రాలీ నడిపే అతనూ ఎత్తలేదు. పోలీసులకి చెబితే మనిషిని పంపుతామన్నారు. ఎప్పటికో చెప్పలేదు. మా పై అధికారికి చేశాను. ఆయన అంతా విని, "నమూనాలు తీసి పంపండి. రిపోర్టు రాకుండా ఒకరింటి విందు ఆపితే, రేపు కూర మంచిదని తేలితే, ఎవరు జవాబు చెబుతారు? తొందరపడకండి" అన్నారు. ఆయన అన్నది రూలు ప్రకారం తప్పు కాదు. కానీ రిపోర్టు రావడానికి రెండు వారాలు. భోజనాలకి గంట.

మా అటెండరుతో, "నువ్విక్కడే ఉండు. వడ్డన ఆపించు. సాంబారుతో సహా అన్నింటికీ నమూనాలు తియ్యి. ఎవరినీ ఏదీ కడగనివ్వకు" అని చెప్పి బయటికి వచ్చాను. నా వెనకే అప్ప.

"నానూ వస్తాను. ఏ తపేలాలో ఏటుందో నాకే తెలుసు."

యజమాని గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు. "నువ్వక్కడికెళ్ళి నోరు తెరిస్తే మరింక ఈ గుమ్మం ఎక్కక్కర్నేదు."

ఆవిడ నెత్తిమీద టోపీ తీసి బల్ల మీద పెట్టింది. ఆయన పక్కనుంచి బయటికి నడిచింది.

ఎదర స్టాండులో ఒక ఆటో డ్రైవరు మమ్మల్ని ఎక్కించుకున్నాడు. వాంతులైన ఇద్దరూ అతని స్టాండువాళ్ళే. సంగతి చెబితే మరో మాట అడగలేదు. గుడి దగ్గర జనంలోంచి బయటపడటానికే పది నిమిషాలు పట్టింది. హారను మీద నుంచి చెయ్యి తీయకుండా, "తప్పుకోండి బాబూ, బేగి!" అని అరుస్తూనే ఉన్నాడు. నేను నెంబరు నొక్కుతూనే ఉన్నాను. మోగుతోంది, ఎత్తడం లేదు.

"ఆ ముసలమ్మ బతుకుతాదా?" అంది అప్ప.

నేను మళ్ళీ ఆ నెంబరే నొక్కాను. ఆవిడే మళ్ళీ అంది. "శుక్రారమే సెలవడిగేను. ఆదివారం ఎల్లిపోనాక తీసుకో అన్నాడు. ఆదివారం నానేపోతే ఎవులు వండుతారు అన్నాడు."

ఆ మాట విన్నాక దాచుకోవడం నావల్ల కాలేదు. "తప్పు నీ ఒక్కదానిదే కాదు. నేను సగమే సెప్పేను" అన్నాను. మరిగిస్తే చచ్చేదేదో, చావనిదేదో ఆ ఆటో కుదుపుల్లో వివరంగా చెప్పాను. మూడు నెలల క్రితం మేడమీద చెప్పాల్సిన పాఠం.

ఆవిడ రోడ్డు వైపే చూస్తోంది. "మరి ఆ తాత అడిగినప్పుడు సెప్పొచ్చు గదమ్మా" అంది.

ఆటో గార ఊరు దాటింది.

కళింగపట్నంలో ఇల్లు వెతకడానికి ఎక్కువసేపు పట్టలేదు, సన్నాయి వినిపించింది. సముద్రం వైపు ఖాళీ స్థలంలో షామియానా వేశారు. గాలికి ఎండుచేపల వాసన వస్తోంది. పన్నెండు ఇంకా కాలేదు. అయినా మొదటి పంక్తి కూర్చుంది. పిల్లలకి, పెద్దవాళ్ళకి ముందు పెట్టేద్దామనుకున్నారట. చూలాలిని కూడా పంక్తి మధ్యలో పీట వేసి కూర్చోబెట్టారు. మోచేతుల దాకా గాజులు. విస్తర్లలో కొబ్బరన్నం, దాని పక్కన కుర్మా. కొందరు అప్పటికే కలుపుతున్నారు.

"తినకండి! ఎవరూ కుర్మా ముట్టుకోకండి!" అని పరుగెత్తుతూ అరిచాను. మెళ్ళో గుర్తింపు కార్డు ఎత్తి పట్టుకున్నాను.

సన్నాయి ఆగింది. ఒక పెద్దావిడ, చూలాలి అత్తగారు, నాకు ఎదురొచ్చింది. "ఎవులు మీరు? సీమంతం పూట ఇస్తరి ముందునుంచి లెగమంటారేటి? ఆ పిల్లకి ఎంత అశుభం!"

నేను చెప్పాను. కూరలో విషం ఉండొచ్చని, పొద్దున్న అవే దుంపలు తిన్నవాళ్ళు ఆసుపత్రిలో ఉన్నారని. ఇంటి పెద్ద ఒకాయన విస్తరిలోంచి కాస్త కుర్మా తీసి వాసన చూశాడు. "ఘుమఘుమలాడతన్నాది. దీన్లో ఏటున్నాది?" అన్నాడు.

"వాసన రాదండీ. రుచి కూడా మారదు."

"వాసన రాదు, రుచి మారదు, మరి మీకెలగ తెలిసింది? కాయితం ఏదైనా ఉన్నాదా?"

లేదు. నా దగ్గర ఏ కాగితమూ లేదు. "ఎవరో గిట్టనోళ్ళు పంపేరు" అని వెనకనుంచి ఎవరో అన్నారు. వడ్డించే కుర్రాళ్ళు బకెట్లతో ఎటూ కదలకుండా నిలబడ్డారు. ఒక తాత మాత్రం ఇదంతా పట్టించుకోకుండా ముద్ద నోట్లో పెట్టుకుంటున్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళ ఉద్యోగం, ఒక ముద్దని ఆపలేకపోతోంది.

అప్పుడు అప్ప పంక్తి మధ్యకి వెళ్ళింది. నిలబడి, వేలికి మళ్ళీ చుట్టుకున్న గుడ్డ విప్పేసింది.

"సూడండి" అంది. గొంతు పెద్దది కాదు, కానీ అందరికీ వినబడింది. "ఈ సేత్తోటే మీ దుంపలు ఒలిసేను. చీము కారతన్న సెయ్యి. గ్లవుసు సిరిగిపోతే తీసేసేను. పొద్దున్న ఈ సేతి కూర తిన్నోళ్ళు ఆసుపత్రిలో పడున్నారు. కాయితం అడుగుతన్నారు గదా, ఇదే కాయితం. వండిన మడిసిని నానే వొద్దంతన్నాను. ఆ పిల్లకి ఎట్టకండి."

ఆ చెయ్యి అలా చాపి ఆవిడ పంక్తి పొడుగునా నడిచింది, ఒక్కొక్కళ్ళకీ చూపిస్తూ. అందరికంటే ముందు చూలాలే విస్తరిని ముందుకి తోసేసి లేచింది. ఆ తరవాత పిల్లల చేతులు పట్టుకుని తల్లులు లేపారు. అత్తగారు అక్కడే కూలబడి ఏడవడం మొదలుపెట్టింది.

సీసాలో నమూనా తీసుకున్నాక, ఇసకలో గొయ్యి తవ్వించి కుర్మా రెండు తపేలాలూ అందులో పోయించాను. ఆ వంటశాల నుంచి వచ్చింది ఏదీ ముట్టుకోవద్దన్నాను. వీధిలో ఇళ్ళన్నీ పొయ్యిలు వెలిగించాయి. ఎవరింట్లో ఉన్నది వాళ్ళు వండి తెచ్చారు. మూడింటికి ముద్దపప్పు, చారుతో సీమంతం భోజనం జరిగింది. నాకూ అప్పకీ కూడా విస్తరి వేశారు. అప్ప తినలేదు.

అప్పటికే రెండు మూడు ముద్దలు తిన్నవాళ్ళు ఆరుగురు తేలారు. వాళ్ళని షామియానా కిందే కూర్చోబెట్టి చూస్తూ ఉన్నాం. తిన్న రెండు గంటలకి ఆ తాతకి మొదటి వాంతి అయ్యింది. ఆ తరవాత మరో ముగ్గురికి. ఇంటి పెద్ద వచ్చి నా పక్కన నిలబడ్డాడు. అంబులెన్సు ఎక్కేటప్పుడు తాతకి భుజం పట్టింది ఆయనే. మర్నాటికి నలుగురూ లేచి తిరిగారు.

నెల్లిమర్ల ముసలమ్మ మూడు రోజులు చావుకీ బతుక్కీ మధ్య ఉండి, బతికింది. ఆ మూడు రోజులూ నేను ఆసుపత్రికి వెళ్ళి దూరం నుంచి చూసి వచ్చేదాన్ని. దగ్గరికి వెళ్ళి కొడుకుతో మాట్లాడే ధైర్యం నాలుగో రోజున వచ్చింది.

ఇక్కడితో ఆపితే నేను మంచిదాన్నిగా మిగిలిపోతాను. కానీ అసలు చెప్పాల్సింది ఇంకా ఉంది.

నివేదిక రాయాలి. పై అధికారి దారి చూపించారు. "శిక్షణ పొందిన వంటమనిషి నిర్లక్ష్యం అని రాయండి. రిజిస్టరులో ఆమె సంతకం ఉంది, మార్కులున్నాయి. మనకి ఏ ఇబ్బందీ రాదు." నేను అలాగే రాశాను. అవును, రాశాను. అక్షరం అక్షరం నిజమే మరి. ఆవిడకి శిక్షణ ఇచ్చాం, నూటికి నూరు వచ్చాయి, చెయ్యి తెగినా వచ్చింది. ఆ కాగితం నా బల్ల మీద రెండు రోజులుంది.

మా అటెండరు దాన్ని కవరులో పెట్టడానికి తీసుకుని, నిలబడే చదివాడు. ఆవేళ తరగతిలో టీలు పంచింది అతనే.

"అమ్మా, ఆ తేలు సంగతి రాయనేదేటి?" అన్నాడు.

అంతే అన్నాడు. మళ్ళీ బల్ల మీద పెట్టేసి వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం మళ్ళీ రాశాను. సెలవడిగితే యజమాని ఇవ్వలేదని రాశాను. మరిగిస్తే చాలని పనివాళ్ళకి చెప్పింది నేనేనని, ఆ మాట సగం నిజమని, ప్రశ్న వచ్చినా సరిదిద్దలేదని రాశాను. నివేదిక తిరిగొచ్చింది, 'సొంత అభిప్రాయాలు తొలగించి పంపవలెను' అన్న రాతతో. ఒక్క మాట మార్చకుండా మళ్ళీ పంపాను. సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది. నేను రిటైరయ్యేదాకా ఆ మెమో నా ఫైల్లోనే ఉంది. ఉద్యోగంలో నాకు దొరికిన కాగితాల్లో సిగ్గుపడనిది అదొక్కటే.

రెండు వారాలకి ల్యాబు రిపోర్టు వచ్చింది. కుర్మాలో విషం ఉందని తేలింది. హోటలు కొన్నాళ్ళు మూసి, మళ్ళీ తెరిచారు, కొత్త వంటమనిషితో. నా నివేదిక అప్పను కేసు నుంచి తప్పించింది గానీ పని ఇప్పించలేకపోయింది. రెండు మూడు హోటళ్ళలో నేనే అడిగాను. "ఆ చీము సెయ్యి మడిసేనా?" అన్నారు. శుభకార్యంలో నిజం చెప్పినందుకు ఆ ఊళ్ళో ఆవిడకి దక్కిన పేరు అది.

కొన్నాళ్ళకి నేను వాళ్ళింటికి వెళ్ళాను. నా తరగతులకి వచ్చి జరిగింది నాలుగు మాటలు చెప్పమని అడగడానికి. నాకు అదొక గొప్ప ఆలోచనగా తోచింది. ఆవిడ మంచినీళ్ళిచ్చి, ఎదురుగా కూర్చుని, అంతా వింది.

"నన్ను నిలబెట్టి సూపిస్తారేటమ్మా, సంతలో కోతిలాగ?" అంది.

నేను తల దించుకున్నాను.

"నాకు తెలీక సేసేననా? అన్నీ తెలుసు. మీకంటే బాగా అప్పగించేను గదా. మీ పాఠంలో ఒకటి నేదు. సెయ్యి తెగింది బాబూ, సెలవియ్యి అంటే, ఆ బాబు ఏటనాలి? అది ఎవులికి సెప్పేరు మీరు? ముందు ఆ బాబుల్ని కూకోబెట్టి సెప్పండి."

ఆ తరవాత నా మిగిలిన తరగతులన్నింటిలో మొదటి వరస యజమానులకి పెట్టాను. వంటవాళ్ళని ఏదీ అడగకముందు వాళ్ళని లేపి అడిగేదాన్ని. మీ వంటమనిషికి చెయ్యి తెగింది, రేపు ఆదివారం, ఏం చేస్తారు? నీళ్ళు నమిలేవారు. కొందరు రెండోసారి పిలిస్తే రాలేదు. తేలు పడిన పాల ప్రశ్న నేనే వేసి, జవాబు పూర్తిగా చెప్పేదాన్ని. చెప్పడానికి చాలాసేపు పట్టేది, వినేవాళ్ళు ఆవలించేవారు. చప్పట్లు ఎప్పుడూ పెద్దగా మోగలేదు.

రిటైరైన మరుసటేడు ఎవరో చెప్పారు, అరసవల్లిలో ఒక సందు మొదట్లో అప్ప సొంతంగా టిఫిన్ బండి పెట్టుకుందని, ఇడ్లీలు మెత్తగా ఉంటాయని. ఒక ఆదివారం పొద్దున్నే వెళ్ళాను. ఎలా పలకరించాలో దారంతా అనుకుంటూనే ఉన్నాను. బండి కనిపించింది. పైన టార్పాలిన్ కప్పి తాడుతో గట్టిగా బిగించి ఉంది. చుట్టూ దర్శనానికి వెళ్ళేవాళ్ళ రద్దీ. పక్కన పూలమ్మే ఆవిడని అడిగాను.

"అప్పేనా? ఆవిరికి సెయ్యి కాలిందమ్మా. బొబ్బెక్కి సితికినాది. పుండు మానీదాకా రానని ఎల్లిపోనాది. నాలుగు రోజులయింది."

"ఆదివారం కూడానా? ఇంత జనం ఉంటే?"

"నానూ అదే అన్నాను. ఈ ఒక్క పూటా సెయ్యి కట్టుకుని కానిచ్చీ అన్నాను. నవ్వి, 'నా బండికి నానే యజమానిని, నాకు నానే సెలవిచ్చుకున్నాను' అనేసింది."

కాసేపు ఆ బండి పక్కనే నిలబడ్డాను. ఎవరో యాత్రికులు వచ్చి, మూసి ఉందని చూసి, విసుక్కుంటూ వెళ్ళారు. నేను ఏమీ తినకుండానే ఇంటికి వచ్చాను. మనసు నిండుగా ఉంది.